ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే: కారు ఇంజన్ వేడి మీద ఒక ప్రసంగం

(బానెట్ తెరిచి ఉంచిన చిన్న పెట్రోలు కారు పక్కన నిలబడి, కారు యజమానుల కోసం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. కుర్చీలు కొంచెం ఇటు జరుపుకోండి, బానెట్ లోపల కనపడాలి. వెనకున్నవాళ్ళు లేచి వచ్చి నిలబడినా ఫరవాలేదు. ముందే చెబుతున్నాను, ఈ బండి రాత్రి నుంచి ఇక్కడే ఉంది, స్టార్ట్ చేయలేదు. చల్లగా ఉంది కాబట్టే రేడియేటర్ మూత మీద ఇంత ధైర్యంగా చెయ్యి పెట్టాను.

బండి హీటెక్కితే మన దగ్గర జరిగేది ఏమిటంటే, ముందు నీళ్ళు పోస్తారు. రెండు రోజులు తిరుగుతారు. మళ్ళీ పోస్తారు. మూడోసారికి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ థెర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు) పీకేస్తారు, ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేస్తారు, అప్పటికీ తగ్గకపోతే రేడియేటర్ మారుస్తారు. ఎక్కడో ఒకచోట తగుల్తుంది. తగిలేదాకా డబ్బులు మాత్రం మనవి. (నవ్వులు)

ఇవాళ మనం దాన్ని తిరగేద్దాం. ఏ పార్టు మార్చాలన్నది ఆఖర్న చూద్దాం. ముందు చూడాల్సింది, బండి ఎప్పుడు వేడెక్కింది? ట్రాఫిక్‌లోనా, హైవే మీదా, స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకా, ఘాట్ రోడ్డు ఎక్కుతుంటేనా? ఏసీ వేసి ఉందా? ఈ జవాబు సరిగ్గా చెప్పగలిగితే సగం పని ఇంట్లో కుర్చీలో కూర్చునే అయిపోతుంది.

ఎంత వేడి గురించి మాట్లాడుతున్నామో ఒక అంచనా ఉండాలి. మనం పోసే పెట్రోలులో ఉన్న శక్తిలో సుమారుగా పావు నుంచి మూడో వంతు చక్రాలు తిప్పడానికి వెళ్తుంది, మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తిరిగే కూలెంట్‌లోకి దిగుతుంది. చిన్న కారు 80 కిలోమీటర్ల వేగంతో హైవే మీద పోతుంటే, అటూఇటుగా 12 కిలోవాట్ల వేడి రేడియేటర్‌లోంచి బయటికి పోవాలి. మీ బాత్‌రూంలో 2 కిలోవాట్ల గీజర్ ఉంటే, అలాంటివి ఆరు ఏకబిగిన వేసి ఉంచినట్టు. ఈ వేడినంతా మోసుకుపోయేది నాలుగైదు లీటర్ల నీళ్ళే, అంటే ఆ కూలెంటే. అవి ఒక్క లీటరు తగ్గినా, తిరగడం ఆగినా, రేడియేటర్‌కి గాలి తగలకపోయినా, నిమిషాల్లో డ్యాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు లేస్తుంది.

ముల్లు గురించి ఒక మాట. అది థర్మామీటర్ అనుకోకండి. చాలా కార్లలో కూలెంట్ 80 ఉన్నా, 100 ఉన్నా ముల్లు నడిమధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్ళే పెడతారు. అది కదిలి పైకి లేచిందంటే అప్పటికే పరిస్థితి బాగా ముదిరింది. కొత్త కార్లలో ముల్లు కూడా ఉండదు, ఎర్రబల్బు ఒక్కటే. అందుకని బండి కంప్యూటర్‌ని చదివే ఓబీడీ బ్లూటూత్ ప్లగ్గు ఒకటి కొనుక్కోండి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డులో ఉన్న సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కి కలిపితే, కూలెంట్ ఎన్ని డిగ్రీలుందో అంకె కనపడుతుంది. నడుస్తున్నప్పుడు 85 నుంచి 98 మధ్య తిరుగుతుంటే మామూలే. 105 దాటి ఇంకా పెరుగుతుంటే బండి పక్కకి తీయండి. 115 మీద నడపడం అంటే హెడ్డుని, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే ఇంజన్ పైభాగాన్ని, చేతులారా పాడుచేసుకోవడం.

ఇంకో ప్రమాదకరమైన సంగతి. ముల్లు పైకి వెళ్ళి, ఉన్నట్టుండి కిందికి పడిపోయిందనుకోండి. అమ్మయ్య, తగ్గింది అని గేరేసి వెళ్ళిపోతారు. తగ్గలేదండీ. సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్ళన్నీ పోయి అది ఉత్త గాల్లో ఉంటే చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. అలా వెళ్ళినవాళ్ళ ఇంజన్లే ఎక్కువగా సీజ్ అవుతాయి.

రోడ్డు మీద వేడెక్కితే ఏం చేయాలో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఏసీ ఆపండి. హీటర్ ఉంటే ఫుల్ వేడి, ఫుల్ బ్లోవర్ పెట్టి అద్దాలు దించండి. మే నెలలో ఖమ్మం రోడ్డు మీద హీటర్ వేయమంటే తిట్టుకుంటారు గానీ, డ్యాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కాయిల్ కూడా ఒక బుల్లి రేడియేటరే. నీడ చూసి ఆపండి. ఆవిరి వస్తుంటే వెంటనే ఇంజన్ ఆపేయండి, బానెట్ తెరవడానికి తొందరపడకండి. మూత మాత్రం కనీసం ముప్పావు గంట ముట్టుకోవద్దు. లోపల నీళ్ళు 100 డిగ్రీలు దాటి ఉంటాయి, ఒత్తిడి వల్ల మరగకుండా ఆగి ఉంటాయి. మూత తీసిన క్షణం ఒత్తిడి పోతుంది, అవన్నీ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తాయి. పై హోస్ పైపు వేళ్ళతో నొక్కితే మెత్తగా అణగాలి, అప్పుడు మందపాటి గుడ్డ వేసి మొదటి మెట్టు వరకే తిప్పి ఆగండి. చివరిగా, కాలుతున్న ఇంజన్‌లో చల్లనీళ్ళు పోయకండి. అల్యూమినియం హెడ్ వంకర పోతుంది.

సరే, ఇంటికొచ్చాం, బండి చల్లారింది. మొదట చూడాల్సింది: నీళ్ళు ఉన్నాయా?

పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయా అని కాదు అడుగుతున్నది. ఆల్టో, వ్యాగన్ఆర్ లాంటి బళ్ళలో రేడియేటర్ మీద మూత వేరు, రిజర్వు డబ్బా వేరు. డబ్బాలో నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండడం మామూలుగా జరిగేదే. రేడియేటర్ మూత తీసి చూడండి, మెడ దాకా కనపడాలి. పోలో, ఫిగో లాంటి వాటిలో రేడియేటర్ మీద మూత ఉండదు, ఒత్తిడి మూత ఆ డబ్బాకే ఉంటుంది. అక్కడ మాత్రం డబ్బా గీతలే లెక్క.

నీళ్ళు తగ్గాయంటే ఎక్కడికో పోయాయి. మూడే దారులు: బయట కారడం, మూతలోంచి పొంగిపోవడం, ఇంజన్ తాగేయడం.

కారడం కనిపెట్టడం తేలిక. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరవండి. పొద్దున మరక ఎక్కడ పడిందో చూసి, దానికి సరిగ్గా పైన ఏముందో చూడండి. ఏసీ నీళ్ళు రంగు లేకుండా ఉంటాయి, వాటికి కంగారుపడొద్దు. కూలెంట్ మరక పచ్చగానో, ఎర్రగానో, నీలంగానో, చేత్తో ముట్టుకుంటే జిగురుగా ఉంటుంది. కొన్నిసార్లు చుక్క కింద పడదు, వేడికి అక్కడే ఆరిపోతుంది. అప్పుడు హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం పలకకి అతికిన అంచు వెంట, తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. మన మెకానిక్కులు వాటర్ బాడీ అంటారే, అదే పంపు. లోపలి సీలు పోతే నీళ్ళు బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారడానికే ఆ రంధ్రం పెట్టారు. దాన్ని ఎమ్‌సీల్‌తో మూసేసేవాళ్ళున్నారు. అలా చేస్తే బేరింగ్ పోయి పంపు బిగుసుకుంటుంది. పంపు టైమింగ్ బెల్టు మీద తిరిగే ఇంజన్ అయితే ఆ బెల్టూ పోతుంది, ఇక ఖర్చు గురించి చెప్పక్కర్లేదు.

కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసి, లోపల తియ్యటి వాసన వస్తూ, అద్దం మీద జిడ్డుగా ఆవిరి పడుతోందంటే హీటర్ కాయిల్ లీకు. గ్యాస్ కిట్ ఉన్న బళ్ళవాళ్ళు ఇంకోటి చూడాలి. గ్యాస్ ఒత్తిడి తగ్గించే సీఎన్‌జీ రెడ్యూసర్ గడ్డకట్టకుండా దానికి కూలెంట్ పైపులు తీసుకెళ్తారు. ఆ పైపులు కలిపిన టీ జాయింట్ల దగ్గర, చవక క్లిప్పుల దగ్గర లీకులు ఎక్కువ. బయట కిట్ వేయించాకే వేడి మొదలైతే, మిగతావన్నీ వదిలేసి ముందు అక్కడ చూడండి.

ఇక మూత. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే బండి మొత్తంలో ఇంత చవకైన, ఇంత నిర్లక్ష్యానికి గురయ్యే వస్తువు ఇంకోటి లేదు. ఇదిగో, చేతికిస్తున్నాను, అందరూ తిప్పి చూడండి. పైన 0.9 అని ఉంది చూశారా? కొన్నింటి మీద 1.1 ఉంటుంది. అది బార్, ఒత్తిడి కొలత. అంటే లోపల ఒత్తిడి అంతకు చేరేదాకా ఈ మూత నీళ్ళని బయటికి వదలదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ మూతలేని గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఈ మూత సరిగ్గా పట్టుకుంటే అవే నీళ్ళు 118 దాకా మరగవు. కూలెంట్ సగం కలిపి ఉంటే ఇంకో ఎనిమిది, పది డిగ్రీలు. ఇప్పుడు ఆలోచించండి. చాలా చిన్న కార్లలో రేడియేటర్ ఫ్యాన్ వచ్చేది 95 నుంచి 100 మధ్య. మూత రబ్బరు పోయి ఒత్తిడి నిలవకపోతే, లోపల ఉత్త నీళ్ళుంటే, ఫ్యాన్ తిరగడం మొదలయ్యేసరికే నీళ్ళు మరుగుతున్నాయి! ఫ్యాన్ బాగుంది, పంపు బాగుంది, రేడియేటర్ బాగుంది, అయినా బండి పొంగుతుంది.

మూత లోపల రెండు పనులున్నాయి. పెద్ద స్ప్రింగూ, ఈ నల్ల రబ్బరు వాషరూ ఒత్తిడిని ఆపేవి. రబ్బరు మీద వేలు రాయండి. మెడ అంచు పడిన గాడి లోతుగా ఉన్నా, పగుళ్ళున్నా, గట్టిపడినా మూత పనైపోయినట్టే. రెండోది, మధ్యలో ఈ చిన్న బిళ్ళ. గోరుతో లాగండి, కదిలి మళ్ళీ టక్కున మూసుకోవాలి. నాలుగు లీటర్ల కూలెంట్ వేడెక్కితే వ్యాకోచించి ఒక టీ గ్లాసు, గ్లాసున్నర ఎక్కువవుతుంది. ఆ ఎక్కువైంది డబ్బాలోకి పోతుంది. చల్లారాక లోపల వెలితి ఏర్పడి, ఈ బిళ్ళ తెరుచుకుని, డబ్బాలోంచి వెనక్కి లాక్కుంటుంది. బిళ్ళ తుప్పు పట్టి బిగుసుకుంటే వెనక్కి రాదు. పొద్దున పై హోస్ పైపు చప్పిడిగా అణిగిపోయి ఉంటే అదే గుర్తు. డబ్బాకి వెళ్ళే సన్న గొట్టం పగిలినా అంతే, నీళ్ళ బదులు గాలి పీల్చుకుంటుంది. డబ్బా రోజురోజుకీ నిండుతోంది, రేడియేటర్ ఖాళీ అవుతోంది అంటే ఈ రెంటిలో ఒకటి.

కొత్త మూత కొనేటప్పుడు పాతదాని మీద అంకె ఏదుందో అదే కొనండి. 0.9 బదులు 1.3 పెడితే ఇంకా మంచిదేగా అని షాపులో చెబుతారు. పాత హోసులు, ప్లాస్టిక్ ట్యాంకు ఆ ఒత్తిడికి కట్టినవి కావు.

మూత మార్చినా నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి, బయట లీకు లేదు. అప్పుడు ఒత్తిడి పంపు అద్దెకో అరువుకో తెచ్చుకోండి. సైకిల్ పంపులాంటిదే, మీటరు ఉంటుంది. మూత చోట బిగించి, మూత మీదున్న అంకె దాకా కొట్టి పది నిమిషాలు వదిలేయండి. ముల్లు నిలబడితే లీకు లేదు. పడిపోతుంటే ఎక్కడో బుస్సుమంటుంది, చెవి పెట్టి వినండి. ఎక్కడా కారకుండా ముల్లు మాత్రం పడిపోతోందంటే, ఇంజన్ తాగుతోందని అనుమానం మొదలవ్వాలి. దాని దగ్గరికి ఆఖర్న వస్తాను.

నీళ్ళు నిండుగా ఉన్నాయి, అయినా వేడి. ఇప్పుడు ఆ మొదటి ప్రశ్న పనికొస్తుంది.

ట్రాఫిక్‌లో, సిగ్నల్ దగ్గర వేడెక్కి, రోడ్డు ఖాళీ అయి అరవైలో పోతుంటే తగ్గిపోతోందా? అయితే ఫ్యాన్. బండి పోతుంటే గాలి దానంతటదే తగుల్తుంది, నిలబడితేనే ఫ్యాన్ అవసరం. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే మోటారు బతికే ఉంది, లోపం సెన్సర్ వైపు వెతకాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి, తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్చు. ఫ్యూజు పెట్టెలో హారన్ రిలేదీ ఫ్యాన్ రిలేదీ ఒకే నంబరైతే రెండూ అటూఇటూ మార్చి చూడండి, పైసా ఖర్చు లేని పరీక్ష. అదీ కాకపోతే ఫ్యాన్ ప్లగ్గు పీకి, బ్యాటరీ నుంచి రెండు మందపాటి వైర్లతో నేరుగా కరెంటు ఇవ్వండి. పాజిటివ్ వైరులో 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం మరవకండి. తిరగకపోయినా, చేత్తో తోస్తేనే తిరిగినా మోటారు బ్రష్షులు అరిగాయి.

ఫ్యాన్ తిరుగుతోంది కదా అని వదిలేయకండి. ఒక న్యూస్‌పేపరు షీటు తీసుకుని బండి ముందు, గ్రిల్లు లోపల, రేడియేటర్‌కి ముందుండే ఏసీ కండెన్సర్ మీద పెట్టండి. ఇలా. చూశారా, వదిలేసినా అతుక్కుని నిలబడింది. గాలి ముందు నుంచి ఇంజన్ వైపు లాగుతోందన్నమాట. పేపరు కిందికి జారిపోతే ఫ్యాన్ బలం చాలట్లేదు, లేదా రేడియేటర్ సన్నరెక్కల మధ్య సందులు మూసుకుపోయాయి. పేపరు మీ వైపు ఎగిరిందా, ఎవరో మోటారు మార్చినప్పుడు వైర్లు తిరగేసి కలిపారు. అప్పుడు ఫ్యాన్ ఊదే గాలీ ఎదురుగాలీ కొట్టుకుంటాయి. ఇవన్నీ చేసేటప్పుడు చున్నీలు, చీర కొంగులు, వేళ్ళు జాగ్రత్త. కొన్ని బళ్ళలో తాళం తీసేసినా ఫ్యాన్ దానంతటదే వస్తుంది.

ఏసీతో తిరుగుతుంది గానీ ఇంజన్ 100 దాటినా రావట్లేదు అంటే, తాళం ఆపి టెంపరేచర్ సెన్సర్ ప్లగ్గు పీకి, మళ్ళీ తాళం వేయండి. సెన్సర్ తెగిందనుకుని చాలా కార్లలో కంప్యూటర్ భయపడి ఫ్యాన్ వేసేస్తుంది. వేస్తే వైరింగు బాగుంది, సెన్సర్ అబద్ధం చెబుతోంది. చెక్ ఇంజన్ బల్బు వెలుగుతుంది, ప్లగ్గు తిరిగి పెట్టాక ఓబీడీతో చెరిపేయొచ్చు.

ట్రాఫిక్‌లో బాగానే ఉండి, హైవే మీద వందలో పోతేనో, తిరుమల ఘాట్ ఎక్కుతుంటేనో వేడెక్కుతోందా? ఫ్యాన్ జోలికి పోకండి. వేడి ఎక్కువ పుడుతోంది, అంత వేగంగా బయటికి పోవట్లేదు. ముందు బయట చూడండి. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉండే వేలెడు సందులో పురుగులు, దుమ్ము, పత్తి నూగు అట్టలా పేరుకుంటాయి. పైనుంచి టార్చి వేసి చూడండి. మామూలు నీళ్ళ పైపుతో, ఇంజన్ వైపు నుంచి ముందుకి కడగాలి, లోపలికి తోయకూడదు. కార్ వాష్ ప్రెషర్ గన్ దగ్గరగా కొడితే రెక్కలన్నీ ఒరిగి గాలి దారి మూసుకుపోతుంది. గ్రిల్లుకి అడ్డంగా పెద్ద లైట్లు, స్టీలు గార్డు బిగించారా? అవీ గాలికి అడ్డమే.

తర్వాత లోపల. మన బోరు నీళ్ళతో గిన్నెలకీ గీజర్‌కీ తెల్లగార పట్టడం చూస్తూనే ఉన్నారు కదా, అదే గార రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పడుతుంది. ఏళ్ళ తరబడి నీళ్ళే పోసిన బండి అయితే సగం గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్నుతో రేడియేటర్ మీద వరసగా చూస్తే వేడి మెల్లగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి చల్లగా ఉంటే అక్కడ నీళ్ళు తిరగట్లేదు. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినవి దీనికి పనికిరావు, అవి 43 దాటి చూపించవు. మెరిసే అల్యూమినియం మీద గన్ను తప్పు చెబుతుంది, నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద చూడండి.

కింది హోస్ పైపు కూడా చూడాలి. అది పంపు లాగే వైపు. పాతబడి మెత్తబడితే, ఇంజన్ రేసు చేసినప్పుడు స్ట్రాలాగా అణిగిపోయి నీళ్ళు రానివ్వదు, ఆపేస్తే మళ్ళీ మామూలవుతుంది. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు టార్చి వేసి చూస్తే తప్ప దొరకదు.

స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాలకే లేచిపోతోందా? ఇంజన్ 100 దాటింది, పై హోసు కాలుతోంది, కింది హోసు పట్టుకుంటే చల్లగా ఉంది. థెర్మోస్టాట్ తెరుచుకోలేదు, లేకపోతే లోపల గాలి బుడగ ఇరుక్కుంది. థెర్మోస్టాట్‌ని వంటింట్లో పరీక్షించొచ్చు. దారంతో కట్టి, పొయ్యి మీద నీళ్ళ గిన్నెలో వేలాడదీయండి, అడుగు తగలకూడదు. పక్కన వంట థర్మామీటర్. థెర్మోస్టాట్ మీద 82 అని ఉంటే 82 దగ్గర కదలడం మొదలై, 95 వచ్చేసరికి సుమారు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. దింపాక మళ్ళీ పూర్తిగా మూసుకోవాలి. ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకండి, ఇంట్లో అడిగితే నా పేరు చెప్పకండి. (నవ్వులు) తిరిగి బిగించేటప్పుడు దాని మీదున్న చిన్న పిన్ను పైవైపు ఉండాలి, గాలి పోవడానికే అది. గాస్కెట్ కొత్తది వేయండి. ఆ 10 నంబరు బోల్టులు అల్యూమినియంలోకి పోతాయి, బలం చూపిస్తే మరలు పోతాయి.

పైనుంచి కింది దాకా శుభ్రం చేసి కూలెంట్ నింపుదాం. చల్లటి ఇంజన్, కింద వెడల్పు టబ్బు. రేడియేటర్ అడుగున ప్లాస్టిక్ మర ఉంటే మెల్లగా తిప్పండి, లేదా కింది హోసు క్లిప్పు వదులు చేయండి. ఎంత వచ్చిందో కొలవండి. ఈ కొలత ఎందుకంటే, ఎంత కారినా ఇంజన్ బ్లాకులో ఒక లీటరు దాకా మిగిలిపోతుంది. నీళ్ళతో రెండుసార్లు కడిగాక లోపల మిగిలింది ఉత్త నీళ్ళే. దాని మీద ముందే కలిపి అమ్మే కూలెంట్ పోస్తే పలచబడిపోతుంది. అందుకే కడిగినప్పుడు నీళ్ళు కలపని చిక్కటి కూలెంటే కొని లెక్క వేసుకోవాలి. మొత్తం పట్టేది 4 లీటర్లు, సగం సగం కావాలంటే, ముందు 2 లీటర్లు చిక్కటిది పోసి మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. బ్యాటరీ షాపుల్లో దొరికేదే. బండి పుస్తకంలో 30 శాతం అని ఉంటే 30 చాలు. మనకి గడ్డకట్టే బాధ లేదు, లంబసింగిలో కాపురమున్నా లేదు. మనకి కావాల్సింది తుప్పు పట్టకపోవడం, త్వరగా మరగకపోవడం. చికాగోలో ఉన్న మీ అబ్బాయి మాత్రం సగం సగం పోయాలి, అది మైనస్ 35 దాకా కాపాడుతుంది.

పూర్తిగా చిక్కటిది పోస్తే? పోయకూడదు. కిలో నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌల్స్ మోస్తే, చిక్కటి కూలెంట్‌లో ఉండే ఉత్త గ్లైకాల్ 2.4 మాత్రమే మోస్తుంది. ఖరీదు ఎక్కువ, పని తక్కువ. రంగు చూసి కలపకండి, రంగుకి ప్రమాణం లేదు. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురు జెల్లీ అవుతుంది.

గాలి తీయడం అసలు పని. బండి ముక్కు కొంచెం ఎత్తుగా, గేటు ముందు ర్యాంపు మీద ఆపండి. హీటర్ ఫుల్ వేడి వైపు. మెల్లగా, సన్నధారగా పోయండి. గాలి వదలడానికి పెట్టిన మర ఉంటే తెరిచి, బుడగల్లేని ధార వచ్చాక మూయండి. మూత లేకుండానే స్టార్ట్ చేసి వదిలేయండి. పై హోసు మధ్యమధ్య నొక్కుతూ ఉండండి, గుడగుడమని బుడగలు వస్తాయి. థెర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి పడుతుంది, నింపండి. మెడలో నీళ్ళు ఉబ్బడం మొదలుపెట్టగానే మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు వచ్చి ఆగేదాకా చూడండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూసి, తగ్గిన మేర పోయండి. ఒత్తిడి మూత డబ్బాకే ఉన్న బళ్ళలో ఇవన్నీ డబ్బా మూత దగ్గరే.

ఇప్పుడు ఇంజన్ తాగడం. ఈ పరీక్ష పొద్దున్నే చేయాలి. రేడియేటర్ మెడ దాకా నింపి, మూత లేకుండా స్టార్ట్ చేయండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే ఇరుక్కున్న గాలి. సోడా సీసాలాగా ఆగకుండా వస్తున్నాయా? సిలిండర్‌లో మండిన గ్యాస్ నీళ్ళలోకి వస్తోంది, హెడ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోయింది. మూత పెట్టి స్టార్ట్ చేస్తే ఇంకా నిమిషం కాకుండానే, చల్లగా ఉన్న హోసు రాయిలా బిగుసుకోవడం రెండో గుర్తు. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్‌లో ఆగని తెల్లపొగ, తియ్యటి వాసన మూడోది. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి జిడ్డు ఒక్కటే చూసి నిర్ణయించకండి, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి అది తేమ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్‌కీ అదే ఉంటే మాత్రం స్టార్ట్ చేయకండి. అనుమానం తీరాలంటే నీలిరంగు ద్రవం ఉన్న టెస్టర్ దొరుకుతుంది, రేడియేటర్ మెడ మీద పెట్టి గాలి లాగితే, మండిన గ్యాస్ ఉంటే ద్రవం పసుపు పచ్చగా మారుతుంది.

అక్కడితో ఇంటి పని ముగిసింది. హెడ్ దింపాలి, లేత్‌లో వంకర కొలవాలి. చాలా ఇంజన్లకి ఒప్పుకునే వంకర 0.05 మిల్లీమీటర్లు, అంటే మన తల వెంట్రుక మందం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఫేసింగ్, అంటే హెడ్ అడుగుని చదును చేసే పని, ఒక పూటలో అవుతుంది. కొలవకుండా గాస్కెట్ ఒక్కటే మార్చి బిగిస్తామంటే ఒప్పుకోకండి, రెండు నెలల్లో మళ్ళీ దింపాలి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ప్రశ్న: థెర్మోస్టాట్ తీసేస్తే మన ఎండలకి మంచిదే కదండీ?)

అందరూ అనేదే అది. రెండు నష్టాలున్నాయి. ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కక, ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు కొడుతుంది. రెండోది ఎవరూ చెప్పరు. చాలా ఇంజన్లలో థెర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని వెనక బిళ్ళ అడ్డదారిని మూసేస్తుంది. తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడినీళ్ళు కొన్ని రేడియేటర్‌కి పోకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తాయి. ఎండలో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా వేడెక్కుతుంది.

(ప్రశ్న: లీకుకి రేడియేటర్‌లో పసుపు వేయమంటారు సార్, పనిచేస్తుందా?)

పనిచేస్తుందమ్మా, అదే ఇబ్బంది. సూదిమొన లీకులో పసుపు ఇరుక్కుని ఆగుతుంది. కానీ అది లీకుకే వెళ్ళాలని దానికి తెలియదు కదా, సన్నగొట్టాలన్నిట్లో, హీటర్ కాయిల్‌లో చేరుతుంది. అర్ధరాత్రి శ్రీశైలం అడవిలో ఆగిపోతే చెంచాడు వేసుకుని ఊరు చేరండి, తర్వాత మొత్తం కడిగించండి. బాత్‌రూం యాసిడ్ మాత్రం ఏ అవసరానికీ వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

(ప్రశ్న: ఆర్‌ఓ నీళ్ళు పోయొచ్చా?)

బోరు నీళ్ళకన్నా చాలా నయం. దారిలో అత్యవసరానికి ఏ నీళ్ళైనా సరే. శాశ్వతంగా అయితే డిస్టిల్డ్.

(ప్రశ్న: తీసిన పాత కూలెంట్ ఏం చేయాలి?)

మంచి ప్రశ్న. ఆ టబ్బు ఇప్పుడు ఎక్కడుందో ముందు చూడండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ తాగేస్తాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. చిన్నపిల్లలకీ అంతే ప్రమాదం. కాలవలో, మొక్కల్లో పారబోయకండి. మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో పోసి, మీద కూలెంట్ అని రాసి, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే వర్క్‌షాపుని అడిగి ఇవ్వండి. ఆయిల్‌లో కలిపి ఇవ్వకండి, కలిపితే రెండూ ఎవరూ తీసుకోరు. కింద ఒలికిన చోట నీళ్ళు కొట్టేముందు ఇసుకో పొట్టో చల్లి ఎత్తేయండి. బాబూ, ఆ టబ్బు మీద అట్ట కప్పు, అక్కడ పిల్లి తిరుగుతోంది.